కాలికో మేకపోతు

గోదావరి ఒడ్డున ఉన్న మా కొత్త విమానాశ్రయంలో కార్మికుల భద్రత మేకల లెక్కన మెరుగుపడుతోందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను.

సామాన్ల ట్రాక్టర్లకు మొదట్లో రివర్స్ హారన్లు ఉండేవి. వాటివల్ల ఒక ప్రముఖుడికి విశ్రాంతి గదిలో నిద్ర చెడింది. హారన్లు పీకేసి, ట్రాక్టర్ల వెనక మనుషులను నిలబెట్టారు. మనిషైతే ట్రాక్టర్ మీదికెక్కితే గానీ అరవడు. గది ఇప్పుడు ప్రశాంతంగా ఉంటోంది.

ఆ మనుషుల్లో మా ఆయన నిరంజన్ ఒకరు. మాకు పెళ్లయి నెల. మెరిసే జాకెట్ తొడుక్కుని రెండు చేతులూ ఊపుతుంటే ఎంత ముద్దొస్తారో, కంచె బయటి నుంచి రోజూ చూస్తాను. డ్రైవరుకే కనిపించరు.

మొదట ఆయన తోటివాడు రాజేశం పాదం చక్రం కింద నలిగింది. బొగ్గుగనిలో తలపండి వచ్చిన మేనేజర్ పర్శరాములు గారు తక్షణ చర్యగా మైసమ్మకు మేకపోతును కోయించారు. అమ్మవారు అడిగిందా అన్నది విచారణ పరిధిలోకి రాదు. సిబ్బందికి బగారన్నంతో దావత్. రాజేశానికి మాత్రం ఆసుపత్రికే కాళ్ల శేర్వా పంపారు. తర్వాత మొగిలి మోకాలు పోయింది. మళ్లీ మేకపోతు. ఈసారి మసాలా ఇంకా బాగా కుదిరింది. మూడో కాలు ఆలస్యమయ్యేసరికి సిబ్బందిలో కొంత అసంతృప్తి తలెత్తింది.

సరిగ్గా అప్పుడే మా ఆయన, హారన్లు మళ్లీ పెట్టమని అడిగారు. హారన్లకూ మేకపోతులకూ రెండింటికీ నిధులు లేవు కనుక మేనేజర్ గారు ప్రజాస్వామ్యబద్ధంగా సభ పెట్టారు.

"హారన్ ఇయ్యాల మోగుతది, రేపు ఖరాబైతది. తల్లి దయ ఖరాబు కాదు. ఫికర్ చెయ్యకుండ్రి. దావత్ కావాల్నన్నోళ్లు చేతులు లేపుండ్రి."

అందరూ లేపారు. రాజేశం చంకకర్ర లేపాడు. మా ఆయన చేతులు కిందే ఉన్నాయి.

"ఏందిరా నిరంజన్, పదిమంది తినేదాంట్ల మన్ను పోస్తవా?" అన్నాడు మొగిలి, కుంటుకుంటూ వచ్చి.

మర్నాడు డ్యూటీకి బయలుదేరుతుంటే ఆయన బూట్ల లేసులు నేనే కట్టాను. రెండు కాళ్లకూ ముడి సమానంగా వచ్చింది. ఎంత ఆనందమో. గుమ్మం దగ్గర పక్కింటి ఐలవ్వ నిలబడి ఉంది.

"బిడ్డా, గీసారి దావత్ల మాకు జర మంచి ముక్కలు పంపమను. పోయినసారి ఒట్టి బొక్కలే అచ్చినయ్."

సరేనన్నాను. ఆయన మలుపు తిరిగేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం. నేను ఆయన కాళ్లనే చూశాను. ఐలవ్వ కూడా.