శేషారత్నం జ్ఞాపకాల బదిలీ

ఆ ఊళ్ళో ఎవరైనా బండి అమ్మితే, దాని మీద తిరిగిన జ్ఞాపకాలు కూడా కొన్నవాడి పేరు మీదకి మారిపోతాయి. ఇందులో వింతేమీ లేదు, రవాణా కార్యాలయం పుట్టినప్పటినుంచీ ఉన్న పద్ధతే. అమ్మినవాడికి మరీ అన్యాయం జరగకూడదని ప్రభుత్వం దయతలిచి ఒక వెసులుబాటు పెట్టింది. డబ్బు అదే రోజు తన ఖాతాలో పడినట్టు చూపిస్తే, మూడో కిటికీ దగ్గర ఆ జ్ఞాపకాలకి నకళ్ళు ఇస్తారు. నకలు అసలంత తాజాగా ఉండదు, అంచులు కాస్త మసకేస్తాయి. అయినా బతకడానికి సరిపోతుంది.

నీటి సరఫరా ఆఫీసులో పనిచేసి రిటైరైన సత్యానందంగారికి మోకాళ్ళు పట్టేశాయి. స్కూటరు అమ్మక తప్పింది కాదు. ఆయన బెంగంతా వెనక సీటు మీదే. పోయిన భార్య శేషారత్నం పాతికేళ్ళు అక్కడే కూర్చుంది. ఇంట్లో ఎప్పుడూ పనిలోనే ఉండేది, నోరు విప్పింది బండెక్కాకే. గోదావరి గట్టు మీద గాలికి ఎగిరే కొంగు ముడేసుకుని, ఆయన భుజం మీద చెయ్యి వేసి, కూరల ధరల దగ్గర మొదలుపెట్టి చిన్ననాటి కబుర్ల దాకా వెళ్ళేది. మ్యాట్నీ చూసి వస్తూ ఆయన వీపుకి నుదురు ఆనించి కునుకు తీసేది. ఎంత హాయిగా ఉండేవి ఆ రోజులు! వాటికి నకలైనా దక్కాలని ఆయన కోరిక.

ఎదురింటి పద్మజ బ్యాంకులో పనిచేస్తుంది. "బాబాయిగారూ, వాళ్ళ ఫోన్లో చూపించేది నమ్మకండి. మీ ఖాతాలో పడిందో లేదో మీరే చూసుకోండి. అప్పటిదాకా తాళం ఇవ్వొద్దు, సంతకం పెట్టొద్దు," అని చెప్పింది. డబ్బు రావడానికి మనం దేన్నీ స్కాన్ చెయ్యక్కర్లేదనీ, ఎవరికీ ఓటీపీ చెప్పక్కర్లేదనీ కూడా చెప్పింది. ఆయన బుద్ధిగా తలూపారు.

కొనడానికి వచ్చిన రమణబాబు మహా మర్యాదస్తుడు. చెప్పులు గుమ్మం బయటే విడిచాడు, శేషారత్నం ఫొటోకి దణ్ణం పెట్టాడు, కాఫీ తాగి బాగుందన్నాడు. బేరమే ఆడలేదు. రవాణా కార్యాలయం వరండాలో తన ఫోను తిప్పి పచ్చటి టిక్కు చూపించి, "పంపేశానండీ," అన్నాడు.

సత్యానందంగారి ఫోను జేబులోనే ఉంది. కానీ ఇంటికొచ్చి కాఫీ తాగిన మనిషి ఎదురుగా నిలబడి ఉండగా, నీ మాట మీద నమ్మకం లేదన్నట్టు ఫోను తీసి చూసుకోవడమా? ఏమనుకుంటాడు పాపం? మొహమాటం అడ్డొచ్చింది. సంతకం పెట్టేశారు. అప్పటిదాకా భుజం మీదున్న చెయ్యి ఎవరో తీసేసినట్టయింది.

డబ్బు పడలేదు. మూడో కిటికీలో గుమాస్తా సానుభూతిగానే మాట్లాడాడు. నకలు ఇవ్వడం కుదరదట. ఫిర్యాదు మాత్రం తీసుకుంటారట, పోయిన జ్ఞాపకాలేవో వివరంగా చెప్పాలట. సత్యానందంగారు చాలాసేపు ఆలోచించారు. వంటింట్లో అటు తిరిగి నిలబడ్డ భార్య గుర్తొచ్చింది. ఇంకేదో ఉండాలి మరి.

"ఏవీ గుర్తు రావడం లేదండీ," అన్నారు.

"అయితే ఏవీ పోనట్టేనండీ," అని గుమాస్తా కిటికీ వేసేశాడు.

వారం తిరక్కుండా ఆయన రమణబాబు ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళారు. అతను తప్పించుకోలేదు సరికదా, కుర్చీ వేశాడు. డబ్బు సంగతి ఎత్తేలోపే శేషారత్నం గురించి మొదలుపెట్టాడు. గట్టు మీద గాలి, కొంగు ముడి, వీపుకి ఆనిన నుదురు చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. తన భార్య ఇంత మాటకారి అని సత్యానందంగారికి అప్పుడే తెలిసింది. అడగొచ్చిన సంగతి అడక్కుండానే తిరిగొచ్చారు.

ఇప్పుడు ప్రతి ఆదివారం వెళ్తున్నారు. గంటకి రెండొందలు. ఆయన పంపగానే రమణబాబు తన ఖాతా తెరిచి, పడిందో లేదో చూసుకుంటాడు. ఎదురుగా పెద్దమనిషి ఉన్నాడని మొహమాటపడడు. పడ్డాకే నోరు విప్పుతాడు. ఇందులో తప్పేముందని సత్యానందంగారికీ అనిపించింది.

మొన్న ఉండబట్టలేక అడిగారు. "బండి మీద వెళ్ళేటప్పుడు, నా గురించి ఏమైనా అనేదా బాబూ?"

రమణబాబు నిజాయితీగానే గుర్తు చేసుకున్నాడు. "లేదండీ. అప్పుడు బండి నడిపింది నేనే కదండీ. ఆవిడ కబుర్లన్నీ నాతోనే."

సత్యానందంగారు తలూపారు. పోనీలే, మాట్లాడుకోవడానికి ఆవిడకి ఒక మనిషి ఉన్నాడు కదా అనుకున్నారు. వచ్చే ఆదివారం డబ్బు కూడా అప్పుడే పంపేసి, పడిందో లేదో ఒకసారి చూసుకోమన్నారు.