బెంజమిన్ మాస్టారి చెమట

ఎండ ముదరకముందే, పదింటికల్లా కూడిక ముగించెయ్యాలని ఆ ఉదయం బెంజమిన్ మాస్టారు అనుకున్నారు. రెండువేల నాలుగు, మే నెల. భార్య సరోజ పోయి నలభై రోజులు. పెదపాడు చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. మాస్టారు హైస్కూల్లో సైన్సు చెబుతారు. చిన్న ఎండకే చొక్కా తడిసిపోయే ఒళ్లు ఆయనది. అయినా సరోజకిష్టమని క్రిస్మస్‌కు వేసుకునే ఉన్ని కోటే తొడుక్కున్నారు.

ఈ నలభై రోజుల్లో ఆయన కంట చుక్క నీరు రాలేదు. ఎందుకు రాలేదో ఆయనకే తెలియదు. గుండె మాత్రం బండబారినట్టుంది. కూతురు జ్యోత్స్నకు అదే కోపం. అమ్మ మీద ప్రేమే లేదనుకుని తండ్రితో మాట్లాడడం మానేసింది. ఉన్న ఒక్క కూతురి మౌనం ఆయన్ని లోపల తినేస్తోంది.

ఏలూరు నుంచి పాస్టరుగారు వచ్చేసరికి పదకొండయింది. రాగానే కరెంటు పోయింది. మాస్టారి నుదుట పుట్టిన చెమట బుగ్గల మీదుగా గడ్డం దాకా ధారకట్టింది. సంఘపెద్ద యోబు అది చూశాడు.

"ఇన్నాళ్లకి మాస్టారు ఏడ్చారండీ" అన్నాడు గట్టిగా.

ఆడవాళ్లు గొల్లుమన్నారు. అందరూ ఓదార్చడానికి చుట్టూ మూగారు. గాలాడక చెమట రెట్టింపయింది. చెమట పెరిగేకొద్దీ ఓదార్పూ పెరిగింది. ఒకరు శాలువా కప్పారు, ఇంకొకరు వేడి టీ తాగించారు. పాస్టరుగారు ప్రార్థన పొడిగించారు. జ్యోత్స్న వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది.

ఆ చెయ్యి కోసమైనా ఊరుకుందామనుకున్నారు. కానీ సరోజ విషయంలో అబద్ధమాడడానికి మనసొప్పలేదు.

"ఇది ఏడుపు కాదండీ, చెమట. చర్మంలో లక్షల స్వేదగ్రంథులుంటాయి. ఒళ్లు వేడెక్కితే ఉప్పునీళ్లు పైకి పంపిస్తాయి. గాలి తగిలి ఆ తడి ఆరితే ఒళ్లు చల్లబడుతుంది. మీరు కాస్త జరిగితే చాలండీ."

దిగులుతో మాస్టారి బుర్ర దెబ్బతిందని యోబు పక్కవాళ్లతో అన్నాడు. జ్యోత్స్న మాత్రం చెయ్యి వదిలేసింది.

మాస్టారు ముఖం తుడుచుకుందామని కోటు జేబులో చూసుకున్నారు. రెండు రుమాళ్లు, ఒకదానిలో ఒకటి మడిచి ఉన్నాయి. ఈయనకు ఒకటి చాలదని సరోజ ఎప్పుడూ అలాగే పెట్టేది. ఇవి కిందటి క్రిస్మస్‌కు పెట్టినవి. చలిరోజులు కావడంతో వాడే పనే పడలేదు. ఇక పెట్టే మనిషి లేదు. మాస్టారు వాటిలో ముఖం దాచుకున్నారు. భుజాలు అదిరిపోతున్నాయి.

"జరగండర్రా, మాస్టారికి చెమట పట్టింది, గాలి రానివ్వండి" అని యోబు అందరినీ దూరం జరిపాడు.

జ్యోత్స్న ఒక్కతే కదల్లేదు. "చెమటేనా నాన్నా?" అంది మెల్లగా.

"చెమటేనమ్మా."

ఆమె రెండో రుమాలు తీసుకుని తన కళ్లకు అద్దుకుంది.

ముప్పై ఏళ్ల సర్వీసులో మాస్టారు చెప్పిన తప్పు పాఠం అదొక్కటే.