మా కాలనీ కింద బాంబులున్నాయి, మీకు లేవు పాపం

పాఠకులారా, మీ ఇంటి కింద పేలని బాంబు ఒక్కటైనా ఉందా? లేదా? అయ్యో, మిమ్మల్ని తలచుకుంటే నాకు జాలేస్తోంది!

మా కాలనీ ఒకప్పుడు సైన్యం వాళ్లు ఫిరంగి గుళ్లు పేల్చడం నేర్చుకున్న మైదానం. నేర్చుకునేవాళ్లు కదా, అన్నీ సరిగ్గా పేలలేదు. పేలనివి మట్టిలో కూరుకుపోయాయి. సైన్యం వెళ్లిపోయింది, ప్లాట్లు వేశారు, మేం వచ్చాం. అప్పట్నుంచి మా వైభోగం ఏమని చెప్పను!

మీ వీధిలో రోడ్డు వేసిన మర్నాడే పైపుల వాళ్లు తవ్వుతారు. వాళ్లు పూడ్చారో లేదో కేబుల్ వాళ్లు తయారు. మా వీధిలో గడ్డపార ఎత్తిన మగాడు ఇంతవరకు లేడు. మా పక్కింటాయన ప్రహరీ గోడని మా వైపు ఓ జానెడు జరపాలని ఏళ్లుగా తహతహలాడుతున్నాడు. పునాది తవ్వాలి కదా, అందుకని ఆ గోడ వంక చూస్తూ కాఫీ తాగుతుంటాడు.

చుట్టాల బెడద కూడా లేదు. మా బావమరిది వచ్చాడంటే ఓ పట్టాన కదిలే రకం కాదు. మొన్న పెరట్లో పళ్లు తోముకుంటూ తుప్పు పట్టిన ఇనపముక్క మీద కాలేశాడు. "ఒరేయ్, కదలకురా! అదేంటో ఏమో" అని మా ఆవిడ వంటింట్లోంచి కేకేసింది, తమ్ముడి మీద ప్రేమకొద్దీ. వాడు కొంగలా ఒంటికాలి మీద నిలబడి నోట్లో నురగంతా మింగేశాడు. వెళ్లి చూస్తే అది మా పాత సైకిల్ పెడలు. ఆ సంగతి వాడు బస్సెక్కాక ఫోన్ చేసి చెప్పాను.

ఇంతటి సౌభాగ్యానికి ఈమధ్య దిష్టి తగిలింది. మా ఇంటి వెనక ఖాళీ జాగాలో మున్సిపాలిటీ వాళ్లు పిల్లల పార్కు పెడతారట. మా అమ్మాయి రెండో తరగతి. పార్కు అన్న మాట విన్నప్పట్నుంచి దాని కాలు ఇంట్లో నిలవడం లేదు. ముందు ప్రమాదం ఎంతుందో తేల్చాలని రిస్క్ ఇంజినీరు గారిని పంపారు. ఆయన జీపు దిగకుండా, అద్దం దించి నన్ను పిలిచారు.

"ఇక్కడ ఇప్పటిదాకా ఏమైనా పేలిందా అండీ?"

"లేదండీ."

"ఎవరికైనా కాలో చెయ్యో పోయిందా?"

"లేదండీ."

"అయితే రిస్క్ తక్కువ" అని అద్దం ఎత్తేశారు.

ఎంత గొప్ప శాస్త్రమో చూశారా? ఒక కాలు పోతే రిస్క్ ఓ మోస్తరు, రెండూ పోతే ఎక్కువ అన్నమాట. నేను ఊరుకోలేక మళ్లీ అద్దం తట్టాను.

"మట్టిలో ఇనుముంటే కూసే మిషను ఉంటుందట కదండీ, తేలేదా?"

"తెచ్చామండీ. ఆన్ చేస్తే ఒకటే కూత. చెవులు చిల్లులు పడుతున్నాయని కట్టేశాం" అన్నారాయన.

మర్నాడు 'ఈ స్థలం సురక్షితం' అని రాసిన బోర్డు తెచ్చారు. చక్కటి బోర్డు, కింద రెండు ఇనప కాళ్లు. ఆ కాళ్లు పాతడానికి రెండు గుంటలు కావాలి. మేస్త్రీ కూలీల వంక చూశాడు. కూలీలు ఇంజినీరు గారి వంక చూశారు. ఆయన నా వంక చూశారు.

"మీరు తవ్వండి సార్, మీకు అలవాటైన నేల కదా."

"రిస్క్ తక్కువన్నది తమరే కదండీ, తమరే కానివ్వండి."

ఆయన గడ్డపార వంక చూసి, నెమ్మదిగా అన్నారు: "నాకు చిన్నపిల్లలున్నారండీ."

బోర్డుని మా గోడకి తీగతో కట్టేసి వెళ్లిపోయారు. పార్కు రేపే తెరుస్తున్నారు.

గుంటలు తవ్వే మనిషి దొరకలేదని మాత్రం వాళ్లు బెంగపెట్టుకోనక్కర్లేదు. మట్టిలో ఆడుకోవడానికి మా అమ్మాయి నిన్ననే ప్లాస్టిక్ పార కొనిపించుకుంది.