తిరిగి వచ్చుటకు గల కారణములు

మనిషి ఊరు దాటి వెళ్లడం నాగరిక ప్రపంచంలో ఎక్కడా నేరం కాదు. వెళ్లినవాడు తిరిగి వస్తాడని వెళ్లకముందే నిరూపించలేకపోవడం మాత్రం నేరమే. పాస్‌పోర్టులు, వీసాలు, జిరాక్సు షాపులు మూడూ ఈ సూత్రం మీదే నిలబడి ఉన్నాయి. (మూడోదే బాగా నడుస్తోంది.)

పర్చూరు దగ్గర ఓ ఊరి హైస్కూల్లో సోషల్ చెప్పే నజ్మీన్ టీచరుకు ఈ సూత్రం యాభై రెండో ఏట తెలిసొచ్చింది. ఆవిడ చాలా ఏళ్లుగా తొమ్మిదో తరగతికి యూరప్ పాఠం చెబుతోంది. ఆ పాఠంలో ఓ పాత నగరం బొమ్మ ఉంటుంది. రాతి వంతెన, దాని మీద మంచు, మంచులో గొడుగేసుకుని నడిచే ఒకావిడ. (నగరం పేరు ఇక్కడ రాయడం లేదు. వీసా విషయంలో ఎవరి మనసూ నొప్పించకూడదని ఏజెంటు చెప్పాడు.) ఏటా ఆ పేజీ రాగానే పిల్లలు "మంచు ఎట్టా ఉంటది మేడం?" అని అడుగుతారు. "తెల్లగా, చల్లగా ఉంటుంది" అంటుంది ఆవిడ. ఫ్రిజ్జున్న ఇంట్లో ఎవరైనా చెప్పే జవాబే అదని ఆవిడకూ తెలుసు, అందుకే ఏటా ఆ ఒక్క పీరియడూ సిగ్గుగా ఉంటుంది. రిటైరయ్యేలోగా ఒక్కసారి ఆ వంతెన మీద నిలబడి రావాలని ఆవిడ కోరిక. జనవరిలో పది రోజుల సెలవులున్నాయి, బెజవాడ నుంచి ఓ టూరు బృందం బయలుదేరుతోంది, భర్త ముస్తాక్ "ఎల్లిరా, నేను చూసుకుంటాలే" అన్నాడు. ఇక మిగిలింది వీసా ఒక్కటే.

ఒంగోలులో సాల్మన్ అనే ఏజెంటు దరఖాస్తు తెరిచి, అన్ని గడులూ చకచకా నింపి, ముప్పయ్యొకటో గడి దగ్గర పెన్ను ఆపాడు. "స్వదేశమునకు తిరిగి వచ్చుటకు గల కారణములు (ప్రతి కారణమునకు రెండు ప్రతులు జతపరచవలెను)."

"ఉద్యోగం ఉంది కదండీ" అంది నజ్మీన్.

"ఉద్యోగానికి రెండు మార్కులే మేడం. పునరాగమన విశ్వాస విభాగం అని ఒకటుంది. వాళ్లు వందకి దిద్దుతారు. ముప్పై ఐదొస్తేనే పాసు."

"మా ఆయన ఉన్నాడుగా?"

"భర్తకి నాలుగు. ఇదివరకు పది ఉండేది. అనుభవం మీద తగ్గించారు."

పొన్నూరులో కాపురం ఉంటున్న కూతురు సఫూరాకు ఒక మార్కు పడింది. వీడియో కాల్‌లో కనబడే బంధువులందరికీ ఒకటే మార్కట. మొత్తం ఏడు. ఏడు మార్కులొచ్చిన పిల్లల తల్లిదండ్రులను పిలిపించి మాట్లాడే అలవాటున్న నజ్మీన్‌కు మొహం చెల్లలేదు.

"కారణాలు లేకపోతే తయారుచేసుకోవాలి మేడం. ఇంకా నాలుగు నెలల టైముంది" అన్నాడు సాల్మన్.

మొదట హెడ్మాస్టరు చైతన్యకృష్ణగారి దగ్గరికి వెళ్లింది. ఆయన మంచివాడు. "శ్రీమతి నజ్మీన్ లేనిచో ఈ పాఠశాల ఒక్కరోజు కూడా నడవజాలదు" అని స్టాంపు వేసి ఇచ్చాడు. అయితే ఆయన అబద్ధం ఆడని మనిషి కూడా. రాసింది నిజం చేయడానికి మధ్యాహ్న భోజనం రిజిస్టరు, గుడ్ల లెక్క, మరుగుదొడ్ల ఫొటోలు యాప్‌లో పెట్టే పని ఆ మధ్యాహ్నమే ఆవిడకు అప్పగించాడు. ఆరు మార్కులు.

తర్వాత భూమి. సొంత పొలం లేదు గనక, యలమందయ్య దగ్గర రెండెకరాలు ఆవిడ పేరు మీద కౌలుకు తీసుకున్నారు. కాగితం మీద చూపిస్తే చాలదా అంటే, పైరుతో పాటు కౌలుదారు ఫొటో కావాలన్నాడు సాల్మన్. (నిబంధన 14-ఖ: పైరు నవ్వుతున్న దరఖాస్తుదారు మోకాలెత్తుకు తగ్గరాదు.) మిర్చి నాటారు. నాటాక దానికి నల్లి పట్టింది. నల్లికి వీసా గడువులతో నిమిత్తం లేదు గనక బడి వదలగానే ఆవిడ పొలం వెళ్లి మందు కొట్టించాల్సి వచ్చింది. ఎనిమిది మార్కులు.

సఫూరా తన పదినెలల పిల్లను అమ్మ సంరక్షణలో వదిలినట్టు డిక్లరేషన్ రాసిచ్చింది, దాంతోపాటు పిల్లనూ ఇచ్చింది. ఏడు మార్కులు.

ఇక అత్తగారు. జానీబీగారి వాంగ్మూలం తీసుకోవడానికి సాల్మన్ స్వయంగా ఊరొచ్చాడు.

"కోడలు తిరిగి రాకపోతే ఏం చేస్తారు మామ్మగారూ?"

"ఏం చెయ్యటమేందిరా? అక్కడికే పోయి జుట్టు పట్టుకుని లాక్కొస్తా! రాసుకో!"

"అట్టా రాస్తే మీక్కూడా వీసా కావాల్సొస్తది మామ్మగారూ."

చివరికి "కోడలి చేతి ముద్ద తప్ప వేరే అన్నం ముట్టను" అని రాయించి వేలిముద్ర వేయించారు. జానీబీగారు మాట తప్పే మనిషి కాదు. ఆ రాత్రి నుంచి ముస్తాక్ వండింది పళ్లెం జరిపేయడం మొదలెట్టింది. ఏడు మార్కులు.

మొత్తం ముప్పై ఐదు. ఇక్కడ ఆగి ఉంటే బాగుండేది. కానీ నజ్మీన్ జన్మలో బార్డర్లో పాసవలేదు. ఫస్ట్ క్లాసు కావాలంది. ఒక పాడిగేదెను కొన్నారు. వీధి కుళాయి కమిటీకి అధ్యక్షురాలైంది. ఎన్నికల జాబితా సవరణకు ఇంటింటికీ తిరిగే డ్యూటీ, అందరూ తప్పించుకునే డ్యూటీ, చెయ్యెత్తి అడిగి తీసుకుంది. సాల్మన్ కూడి చూసి కళ్లజోడు తీశాడు. "అరవై ఎనిమిది మేడం! మా ఆఫీసు పుట్టాక ఇన్ని మార్కులు ఎవరికీ రాలేదు."

ఒక్క అనుబంధం మిగిలింది. ఉష్ణ ప్రాంతాలవాళ్లు చలికి తట్టుకోగలరని ధ్రువపత్రం. ఇది ముస్తాక్‌కు చేతిలో పని. అతను మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. ఆదివారం ఉన్ని కోటు తొడిగి భార్యను లోపలికి తీసుకెళ్లాడు. రెండు వరసల మిర్చి బస్తాల మధ్య సందునే వంతెన అనుకోమన్నాడు. ఆవిడ గొడుగేసుకుని ఆ చివరి నుంచి ఈ చివరికి నలభై నిమిషాలు నడిచింది. చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి, మిర్చి ఘాటుకు ముక్కు కారుతోంది, అయినా ఈ నాలుగు నెలల్లో ఆవిడ అంత సంతోషంగా ఎప్పుడూ లేదు.

"ఇంక బయటికి రా, జలుబు చేస్తది" అన్నాడు ముస్తాక్.

"ఇంకొక్కసారి ఆ చివరిదాకా ఎల్లొస్తానండీ" అంది.

"పైన పేర్కొన్న మహిళ ఏడు డిగ్రీల వద్ద నలభై ఐదు నిమిషాలు, స్వచ్ఛందంగా" అని అతను లెటర్‌హెడ్ మీద రాసిచ్చాడు.

హైదరాబాదు వీసా కేంద్రంలో ఆ కోటును సాక్ష్యంగా కౌంటరు మీద పెట్టింది. (కోల్డ్ స్టోరేజీలో తిరిగిన ఉన్ని కోటును ఉతక్కుండా ఏసీ గదిలో విప్పకూడదని ఏ నిబంధనలోనూ లేదు.) కౌంటరులో ఉన్న లిడియా అనే అమ్మాయి ఫైలు రెండు పేజీలు తిప్పేసరికి కళ్లమ్మట నీళ్లు ధారగా కారాయి. పక్క కౌంటరాయన తుమ్మాడు. క్యూలో ఉన్నవాళ్లందరూ కళ్లు తుడుచుకున్నారు. "మీ అత్తగారి కాగితం చదువుతుంటే ఏదోలా అయిపోతోంది మేడం" అంది లిడియా ముక్కు చీదుతూ, ఫైలు పైకి పంపింది.

జవాబు సంక్రాంతికి నాలుగు రోజుల ముందు వచ్చింది. అప్పటికి మిర్చి తొలి కోత మొదలైంది. నజ్మీన్ కల్లంలో, మనవరాలిని చంకనెత్తుకుని, కూలీలకు మంచినీళ్లు అందుతున్నాయో లేదో చూస్తూ, రెండో చేత్తో ఫోను తెరిచింది. కుళాయి కమిటీ నుంచి మూడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. వాటి కింద ఉత్తరం.

"గౌరవనీయులైన దరఖాస్తుదారు గారికి. మీరు తిరిగి వస్తారన్న విషయంలో ఈ విభాగానికి ఎలాంటి సందేహమూ లేదు. ఇంతటి నమ్మకం మాకు మునుపెన్నడూ కలగలేదు. అయితే మీరు సమర్పించిన ఆధారాలన్నీ పరిశీలించిన మీదట, మీరు అసలు బయలుదేరగలరన్న నమ్మకం మాత్రం మాకు కలగలేదు. కావున వీసా నిరాకరించడమైనది."

ఎర్రటి కల్లం నడిమధ్య నిలబడి ఆవిడ ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. పక్కనే ఉన్న ముస్తాక్ "అప్పీలు చేద్దామా?" అని మెల్లగా అడిగాడు.

"దేని మీద చేస్తామండీ?" అంది నజ్మీన్. "ఇన్నేళ్లలో నా గురించి ఇంత సరిగ్గా రాసిన ఆఫీసు ఇదొక్కటే."