అర్జెంట్ మూటలు

ఆ సోమవారం పొద్దున కోడలు ఒక్కటే అనుకుంది. తొమ్మిదిలోపు నర్సు యూనిఫాంకి అంచు మడిచి, బొత్తాలు కుట్టి ఇచ్చేయాలి. ఆ పిల్లకి మొదటి ఉద్యోగం, మొదటి రోజు. పదింటికి యూనిఫాం లేకుండా వెళితే హెడ్ నర్సు లోపలికి రానివ్వదు.

ఆ టైలరింగ్ షాపులో కుట్టేది కోడలు, బట్టలు తీసుకుని సర్దేది అత్తగారు. అత్తగారికి రాయడం రాదు కనుక చీటీల గొడవ లేదు. పాత దుప్పటి ముక్కల్లో మూటగట్టి, మామూలు పనికి తెల్లదారం, అర్జెంట్ పనికి ఎర్రదారం చుడుతుంది.

కోడలు అలమర తెరిచింది. ముప్పై మూటలు. కంటికి ఆనినవన్నీ ఎర్రదారాలే.

"నన్నేం చెయ్యమంటావే? వచ్చిన ప్రతివాళ్ళూ అర్జెంటే అంటున్నారు. ఒకళ్ళకి కట్టి ఇంకొకళ్ళకి మానేస్తే ఏం బావుంటుంది?" అంది అత్తగారు.

కోడలు ఒక్కో మూటా విప్పడం మొదలుపెట్టింది. అత్తగారు సాయం చేద్దామని, విప్పినవి విప్పినట్టే మళ్ళీ కట్టి, ఎర్రదారం చుట్టి అలమరలో పెట్టేస్తోంది. ఎవరిదో పచ్చ జాకెట్టు మూడోసారి చేతికొచ్చాకగానీ కోడలికి ఆ సంగతి తెలియలేదు. అప్పటికి తొమ్మిది దాటింది.

అంతలో రిటైరైన ఇంగ్లీషు మాస్టారు ప్యాంటు కోసం వచ్చారు. గోల విని, అర్జెంట్ అనే మాట తోయడం, నొక్కడం అనే అర్థమున్న పాత లాటిన్ మాటలోంచి వచ్చిందని నిదానంగా విడమరచి చెప్పారు. అంటే అర్జెంట్ అన్నవాడు మనల్ని వెనకనుంచి తోస్తున్నాడన్నమాట.

"తోసేవాళ్ళకే కదా బాబూ ముందు దారిచ్చేది," అంది అత్తగారు.

తన ప్యాంటు ఎప్పుడిస్తారని మాస్టారు అడిగారు. ఆయనదీ అర్జెంటేనట.

తొమ్మిదింబావుకి నర్సు పిల్ల వచ్చి గుమ్మం పక్కన నిలబడింది. గడియారం వంక చూసి, నేల చూపులు చూసింది. కోడలు గబగబా ఇంకో మూట విప్పింది. చివరికి ఆ పిల్లే మెల్లగా అడిగింది.

"అక్కా, మిషను కింద తెల్లదారం మూట ఒకటుంది. అది నాదేమో?"

అదే.

"అత్తయ్యా, దీనికి తెల్లదారం ఎందుకు కట్టారు?"

"ఆ అమ్మాయి అర్జెంట్ అనలేదుగా."

"సోమవారం డ్యూటీలో చేరాలని చెప్పాను కదమ్మా," అంది నర్సు.

"చెప్పావు తల్లీ. అర్జెంట్ మాత్రం అనలేదు."

కోడలు తల ఎత్తకుండా కుట్టింది. చివరి రెండు బొత్తాలకి టైము చాలక పిన్నీసులు పెట్టింది. పది కావడానికి పది నిమిషాలుండగా నర్సు పరుగు తీసింది. పన్నెండింటికి, సమయానికే చేరానని ఫోను చేసింది. అప్పుడుగానీ కోడలు మంచినీళ్ళు తాగలేదు.

నిజంగా అవసరమున్నవాళ్ళు ఆ మాట అనరని ఆమెకు తెలిసొచ్చింది. ఇకమీదట తెల్లదారం మూటలే ముందు కుడతానని షాపుకొచ్చిన వాళ్ళందరి ఎదుటా గట్టిగా చెప్పింది.

వారం తిరిగేసరికి ఆ వీధిలో తొందర ఉన్న మనిషి ఒక్కరూ మిగల్లేదు.