జగపతిరావు సిద్ధాంత తరగతి

‘సిద్ధాంతానికీ విశ్వాసానికీ తేడా’ అనే అంశం మీద ప్రియతమ నాయకులు జగపతిరావు గారు తొర్రూరు ఫంక్షన్ హాల్ల క్లాసు తీసుకుంటరని ఊరంతా ఫ్లెక్సీలు పడ్డయ్. హీర్యా అందరికంటే ముందుగాల పోయి మొదటి వరుసల కూసున్నడు. జగపతన్న అంటే ఆయనకు పానం. ఇదే క్లాసు అన్న పాత పార్టీల ఉన్నప్పుడు విన్నడు, దానికంటే ముందటి పార్టీల ఉన్నప్పుడు సుత విన్నడు. కండువా రంగు తప్ప అన్న ఒక్క ముక్క మార్చలే. గంత నిలకడ ఈ కాలంల ఎవరికుంటది?

“తెలుసుకొని నమ్మితే సిద్ధాంతం, తెల్వక నమ్మితే విశ్వాసం. మనది సైన్సు పార్టీ. ఒట్లు, మొక్కులు మనకు నడవయ్” అన్నడు జగపతిరావు. హీర్యా అరచేతులు మండేదాక చప్పట్లు కొట్టిండు.

కొట్టకేంజేస్తడు? నెల్లికుదురు దిక్కున్న వాళ్ల తండాకు రోడ్డు లేదు. పోయిన వానకాలం అంబులెన్సు బురదల దిగబడి, కోడలు పొలం గట్టు మీదనే కన్నది. బిడ్డ దక్కలే. ఇప్పుడు కూతురు బుజ్జికి నెలలు నిండినయ్. అన్న గెలిస్తే రోడ్డొస్తదని హీర్యా ఇల్లిల్లు తిరిగి చెప్తున్నడు. అన్న సుత ప్రతి ఎలక్షన్ల అదే మాట మీదున్నడు.

ఓట్ల ముంగట జగపతిరావు తండాకొచ్చిండు. ఓట్లు అటో ఇటో అయితయని ఆయనకు పరేషాన్. అందర్ని వాళ్ల దేవుడు సేవాలాల్ గుడికాడికి పిలిపించి, దీపం మీద చెయ్యిపెట్టి ఓటు తనకే అని ఒట్టేయమన్నడు. ఆ ఒట్టు తప్పితే పిల్లలకు తగుల్తదని తండాల అందరికి భయం. ప్రజల విశ్వాసాన్ని గౌరవించుడు సుత పార్టీ సిద్ధాంతమేనట. సైన్సు గింత విశాలమైందని హీర్యాకు అప్పటిదాక తెల్వదు.

ఒట్టేయనీకి హీర్యా ముందటికి ఉరికిండు. భార్య సోమ్లీ అడ్డమొచ్చింది. ఒట్టు మేమేస్తం గని, ముందుగాల సారు ఏయాలె అన్నది. గెలిచినంక రోడ్డు ఏపిస్త, పార్టీ మారను అని.

హీర్యాకు నవ్వొచ్చింది. క్లాసులకు రాని మనిషాయె, ఏం తెలుస్తది? అన్న చెవుల మెల్లగ చెప్పిండు. “ఏయన్నా. నీకైతే గది ఉత్త దీపమే గదా.”

జగపతిరావు చెయ్యి చాపిండు. చెయ్యి దీపం దాక పోయి ఆగింది. కండువాతోని మొఖం తుడుసుకున్నడు. మళ్ల చాపిండు. ఈసారి సగం దాకనే పోయింది. ఇగ దాన్ని తీసి జేబుల పెట్టుకున్నడు.

“గిసొంటియి వద్దమ్మా” అన్నడు. “నాకు పిల్లలున్నరు.”

“మాకూ ఉన్నరు సారూ” అన్నది సోమ్లీ.