మెట్ల కిందికి దొర్లిన సిలిండర్

పశ్చిమ టెక్సస్‌లో ఆ గురువారం ఉదయం లారెన్ వరండాలో కుర్చీలు వేయిస్తోంది. చర్చి ఆడవాళ్ళ బైబిల్ క్లాసుకి చాలాకాలం తర్వాత ఆమె ఇంటి వంతు వచ్చింది. సరిగ్గా అప్పుడే మెట్ల కింద ఏదో బుస్సుమని తోక గలగలలాడించింది.

"గిలక పాము, కాటేస్తే చావే," అంది మొగుడు వెండెల్‌తో. "ఇది ఇక్కడుంటే క్లాసు డోరిస్ ఇంటికి మార్చేస్తారు. ఒకసారి పోయిందంటే మళ్ళీ నా గుమ్మం తొక్కరు."

వెండెల్ బెంగపడలేదు. అతని రివాల్వర్‌కి తూటాలు కూర్చే గుండ్రటి సిలిండర్లు రెండు. ఒకటి బిగిస్తే పొట్టి తూటాలు పడతాయి, అది తీసి రెండోది బిగిస్తే పొడుగువి. ఒక్క ధరకి రెండు తుపాకులని కొన్ననాటినుంచీ చెప్పుకుంటూనే ఉన్నాడు. తీరా సొరుగు లాగితే రివాల్వర్లో ఉన్నది పొట్టి సిలిండర్, పక్కనున్నవి పొడుగు తూటాలు.

"రెండో సిలిండర్ పాత సాక్సులో పెట్టాను. ఆ సాక్సేది?"

"ఒంటి సాక్సు కదా, మసిగుడ్డల్లో పడేసుంటాను."

వెతికే ఓపిక లేక వెండెల్ ట్రక్కెక్కి బావమరిది క్లిఫ్టన్ ఇంటికి పోయాడు. క్లిఫ్టన్ ఊరికే ఏదీ ఇచ్చే రకం కాదు.

"పొట్టివిస్తా బావా, ఆ పొడుగు డబ్బా ఇటు పడెయ్. నక్కలకి పనికొస్తాయి."

మార్చుకుని తిరిగొచ్చేసరికి లారెన్ మెట్ల దగ్గర రివాల్వర్ పట్టుకుని ఎదురుచూస్తోంది.

"సాక్సు దొరికింది. నీకెందుకు శ్రమని సిలిండర్ నేనే మార్చేశా. ఇన్నేళ్ళుగా చూస్తున్నాగా. ఇక పొడుగువి వేసుకో."

వెండెల్‌కి ఒళ్ళు మండింది. "పొడుగువి మీ తమ్ముడికిచ్చేశా. తీసిన సిలిండరేది?"

"చేతిలోంచి జారి మెట్ల కిందికి దొర్లిపోయింది."

"పాము దగ్గరికా?"

"పక్కకే."

పొట్టి తూటాలు పొడుగు సిలిండర్లో వేయకూడదని వెండెల్‌కి బాగా తెలుసు. కోపంలో వేసేశాడు. బోర్లా పడుకుని పేల్చాడు. గుండు పాముని వదిలేసి కుళాయి గొట్టానికి తగిలింది. వదులుగా కూర్చున్న తూటా తొడుగు చీలి ఇరుక్కుపోయి సిలిండర్ కదలనని మొరాయించింది. నీళ్ళు చిమ్మి వెండెల్‌ని నిలువెల్లా తడిపేశాయి. వరద తట్టుకోలేక పాము బయటికొచ్చి తీరిగ్గా మెట్లెక్కింది. అప్పుడే క్లాసు ఆడవాళ్ళ కార్లూ వచ్చి ఆగాయి.

లారెన్ ఏడుపొక్కటే తక్కువ. అందరిలోకీ పెద్దావిడ ఓపల్ వంగి పాముని నడుం దగ్గర పట్టుకుని ఎత్తింది.

"ఇది గిలక పాము కాదే అమ్మాయ్. ఎలకలు తినే పాము, విషం లేదు. బెదిరించడానికి ఎండుటాకుల్లో తోకాడిస్తుంది. మా ఇంటికింద ఉన్నది పోయాక ఎలకలతో చస్తున్నాం. నీ అదృష్టమే అదృష్టం. ఇకనుంచి క్లాసు ఇక్కడే పెట్టుకుందాం. అవునుగానీ, దీన్ని కాల్చబోయిందెవరు?"

అందరూ బురదలో కూర్చున్న వెండెల్ వైపు చూశారు.

ఆ పూట ప్రార్థనలో పాముకి దీర్ఘాయుష్షు, వెండెల్‌కి తెలివి కోరుకున్నారు. పాము సంగతిలో అందరికీ గట్టి నమ్మకమే ఉంది.